మూత లేని ట్యాంకు నోరు: ఏది భయం, ఏది నిజం

మీరు కొనాలనుకుంటున్న కారులో పెట్రోలు పోసే చోట తిప్పి బిగించే మూత లేదు. పక్కనున్న చిన్న తలుపు తెరిచి నాజిల్ నేరుగా దూర్చడమే. మూత లేకపోతే పెట్రోలు ఆవిరైపోదా, దుమ్ము ట్యాంకులోకి పోదా అని మీ నాన్నగారు వద్దంటున్నారు. దారిలో పెట్రోలు అయిపోతే క్యానుతో పోసుకోవడానికి కూడా కుదరదని మీ స్నేహితుడు చెప్పారు. మిగతా అన్ని విధాలా నచ్చిన కారును ఈ ఒక్కదానికోసం వదులుకోవాలా అని మీరు అడుగుతున్నారు.

వదులుకోవద్దు. 20 ఏళ్లకు పైగా కార్ల రిపేరులో, అందులోనూ ఎక్కువగా ఇంధన వ్యవస్థల మీద పని చేస్తున్నాను. నా సొంత కారుకూ మూత లేదు. మీ నాన్నగారి భయాల్లో మొదటిది నిరాధారం, రెండోదానిలో కొంత నిజం ఉంది. మీ స్నేహితుడు చెప్పింది మాత్రం సరైన మాటే, దానికి మందు కూడా ఉంది. ఒక్కొక్కటిగా చెబుతాను.

"మూత లేదు" అన్న మాటే అసలు చిక్కు తెస్తోంది. మూత ఉంది. బయట చేతికి అందే చోటు నుంచి అది గొట్టం లోపలికి వెళ్లింది. తలుపు తెరిచి లోపలికి చూస్తే గుండ్రటి నల్లటి రేకు ఒకటి కనిపిస్తుంది. దాని వెనక స్ప్రింగు ఉంటుంది. చాలా కార్లలో ఇలాంటి రేకులు ఒకదాని వెనక ఒకటి రెండు ఉంటాయి. బయటిది ప్రధానంగా దుమ్మునూ నీటినీ ఆపుతుంది. లోపలిది రబ్బరు సీలుకు గట్టిగా ఆనుకుని పెట్రోలు ఆవిరిని ఆపుతుంది. రేకును పట్టి ఉంచే కొక్కేలు గొట్టానికి రెండు పక్కలా ఉంటాయి. సరిపడా లావున్న నాజిల్ వెళ్లి ఆ రెండింటినీ ఒకేసారి పక్కకు నెడితేనే రేకు వెనక్కి వాలుతుంది. సన్నటి గొట్టం పెడితే ఒక పక్క కొక్కెం కదలవచ్చు, రెండోది పట్టు వదలదు. అందుకే వేలితోనో పెన్నుతోనో నొక్కితే అది తెరుచుకోదు. నాజిల్ బయటకు తీయగానే స్ప్రింగు రేకును మళ్లీ సీలు మీదకు తెచ్చి మూసేస్తుంది.

పాత మూతలో కంటికి కనిపించని పని ఇంకొకటి ఉండేది. ఇంజిన్ పెట్రోలును వాడుకునే కొద్దీ ట్యాంకులో ఖాళీ పెరుగుతుంది. గాలి వచ్చే దారి మూసుకుపోతే లోపల పీడనం పడిపోయి ట్యాంకు గోడలు లోపలికి లాగబడతాయి. అలా కాకుండా మూతలోనే ఒక చిన్న వాల్వు ఉండి, అవసరమైనప్పుడు గాలిని లోపలికి వదులుతుంది. మూత లేని ఏర్పాటులో ఆ పని రేకుకు అప్పగించారు. కాబట్టి మూతతో పాటు ఏదో పోయిందన్న అనుమానం పెట్టుకోకండి.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. ట్రాకు మీద ఆగిన కొన్ని సెకన్లలోనే ఇంధనం నింపుకోవాల్సిన రేసు కార్లలో తనంతట తాను మూసుకునే నోళ్లు చాలా కాలం నుంచి ఉన్నాయి. ఫోర్డ్ సంస్థ 2005 నాటి జీటీ అనే వేగపు కారులో మూత లేని నోరు పెట్టింది. ఆ తరువాత 2008 మోడల్ ఎక్స్‌ప్లోరర్‌తో "ఈజీ ఫ్యూయెల్" అనే పేరు మీద మామూలు కుటుంబాలు నడిపే బండ్లలోకి తెచ్చింది. తరువాతి ఏళ్లలో డాడ్జ్, షెవర్లే, హోండా కార్లలోనూ ఇలాంటి ఏర్పాట్లు వచ్చాయి.

కంపెనీలు దీనికి మొగ్గు చూపడానికి చేతికి పెట్రోలు వాసన అంటకపోవడం, మూతను బంకు దగ్గర మరిచిపోకపోవడం మాత్రమే కారణం కాదు. పెద్ద కారణం ఆవిరి. పెట్రోలు కార్లలో ట్యాంకు ఆవిరిని బయటకు వదలకుండా బొగ్గు నింపిన ఒక డబ్బాలోకి పంపుతారు. బొగ్గు దాన్ని పీల్చి పట్టుకుంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. ఈ వ్యవస్థలో ఎక్కడైనా కన్నం ఉందా అని కారులోని కంప్యూటరే పరీక్షించుకోవాలని అమెరికాలో 1990ల నడుమ నుంచి నిబంధన వచ్చింది. మొదట సుమారు ఒక మిల్లీమీటరు కన్నాన్ని పట్టుకోవాలన్నారు. తరువాత 2000 మోడళ్ల నుంచి అర మిల్లీమీటరు కన్నాన్ని కూడా పట్టుకోవాలన్నారు. అర మిల్లీమీటరంటే ఎంతో ఊహించండి. సన్నటి సూది మొన దిగిన చోటు అంత. మూతను చివరిదాకా తిప్పకుండా, టిక్కుమని శబ్దం రాకముందే వదిలేస్తే అంతకన్నా పెద్ద సందు మిగులుతుంది. దాంతో డ్రైవరు ముందున్న చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఇంజిన్‌కు ఏమీ కాకపోయినా యజమాని కంగారు పడి షెడ్డుకు వస్తారు. ఆవిరి లీకు ఉందని కారు కంప్యూటరు చూపే పి0455, పి0457 లాంటి కోడ్‌లతో కారు వస్తే నేను మొదట పరికరాల జోలికి పోను. వెళ్లి మూత చూస్తాను. చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది.

మూత లేని కారులో మనిషి చేతి మరపుకు తావే లేదు. నాజిల్ తీసిన క్షణమే నోరు మూసుకుంటుంది, ప్రతిసారీ ఒకే బలంతో. పెట్రోలు ఆవిరైపోతుందన్న మీ నాన్నగారి మొదటి భయానికి ఇదే జవాబు. సీలు బాగున్నంత కాలం, వదులుగా బిగించిన మూత కన్నా ఇదే ఆవిరిని బాగా పట్టి ఉంచుతుంది. చేతుల్లో బలం తగ్గిన పెద్దవాళ్లకు, కీళ్లనొప్పులతో బాధపడేవాళ్లకు ఇది ఎంత ఉపశమనమో నేను కళ్లారా చూశాను. వేళ్లు బిగుసుకుపోయిన ఒక పెద్దావిడ మూత తిప్పడానికి ప్రతిసారీ ఇంకొకరి సాయం అడగాల్సి వచ్చేది. కారు మార్చాక ఆ అవసరం లేకుండా పోయిందని సంతోషంగా చెప్పారు.

డీజిల్ కారు కొనేవాళ్లకైతే ఇంకా విలువైన లాభం ఒకటి ఉంది. పెట్రోలు నాజిల్ ముక్కు సుమారు 21 మిల్లీమీటర్ల లావు, డీజిల్‌ది సుమారు 25 మిల్లీమీటర్లు. పెట్రోలు కారు నోరు ఇరుకు కాబట్టి డీజిల్ నాజిల్ అందులో పట్టదు. తిరగేసి చూడండి: డీజిల్ కారు పెద్ద నోట్లోకి పెట్రోలు నాజిల్ సులువుగా దూరిపోతుంది. పొరపాట్లు జరిగేది అక్కడే. ఇప్పటి డీజిల్ ఇంజిన్లలో అధిక పీడనంతో పనిచేసే పంపుకు డీజిలే కందెన. అందులో పెట్రోలు కలిస్తే ఆ జారుడు గుణం పోయి లోహం లోహాన్ని గీసుకుంటుంది. ఆ లోహపు పొడి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళితే బాగు చేయడానికి పెద్ద మొత్తమే పెట్టాల్సి వస్తుంది. డీజిల్ కార్లలో పెట్టే కొన్ని మూత లేని నోళ్ల కొక్కేలు 25 మిల్లీమీటర్ల లావుకే విడిపోయేలా ఉంటాయి. పెట్రోలు నాజిల్ పెడితే రేకు తెరుచుకోదు, బంకు కుర్రాడు ఆగి ఆలోచిస్తాడు. ఈ రక్షణ అన్ని మోడళ్లలో ఉండదు. కారుతో ఇచ్చే పుస్తకంలో ఉందో లేదో చూసి నమ్మండి. ఉన్నా సరే, పోయించే ముందు ఇంధనం పేరు చెప్పే అలవాటు మానకండి.

ఇక ఇబ్బందుల సంగతి. మీ స్నేహితుడు చెప్పిన క్యాను విషయంలో నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే.

ఒకసారి రాత్రి పూట ఒక కుటుంబం పెట్రోలు అయిపోయి రోడ్డు పక్కన ఆగిపోయిందని ఫోను వస్తే వెళ్లాను. నేను చేరేసరికే ఆ ఇంటి అబ్బాయి ఎవరినో అడిగి క్యానుతో పెట్రోలు తెచ్చాడు. క్యాను గొట్టం బొటనవేలి కన్నా సన్నం. దూర్చితే రేకు కదలలేదు. గట్టిగా ఒత్తి పోశాడు. సగం పెట్రోలు రేకు మీద పడి వెనక్కి చిమ్మి, పెయింటు మీదుగా చక్రం దాకా కారింది. ఇంకా వేడిగా ఉన్న కారు పక్కన, నేలంతా పెట్రోలు, చీకట్లో దారి చూడటానికి చేతిలో ఫోను. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చివరికి స్క్రూడ్రైవరుతో రేకును వెనక్కి నొక్కి పట్టి, మిగిలింది పోశారు. కారు కదిలింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

వారం తిరిగేసరికి అదే కారు చెక్ ఇంజిన్ లైటుతో షెడ్డుకు వచ్చింది. టార్చి వేసి రేకు లోపల చూశాను. రబ్బరు సీలు అంచు మీద గోరంత పొడవున సన్నటి చీలిక ఉంది. చూపుడు వేలితో తడిమితే తెలియదు, గోటితో గీస్తే తగులుతుంది. ఆవిరికి ఆ దారి చాలు. ఆ మోడల్‌లో సీలు విడిగా దొరకదు, రేకు విడిగా దొరకదు. నోటి దగ్గర నుంచి ట్యాంకు దాకా వెళ్లే గొట్టం మొత్తం మార్చాల్సి వచ్చింది. పాత పద్ధతి మూత అయితే కొత్తది కొని తిప్పి బిగిస్తే ఒక్క నిమిషం పని. మూత లేని ఏర్పాటులో నాకు నిజంగా నచ్చని విషయం ఇదే. పాడవడం అరుదు, కానీ పాడైతే చిన్న ముక్కతో పోదు.

పాత గొట్టం విప్పాక డిక్కీలో స్టెప్నీ టైరు తీసి చూశాను. దాని కింద ప్లాస్టిక్ సంచిలో, సీలు కూడా విప్పకుండా, పొడుగాటి ముక్కున్న గరాటు ఒకటి పడి ఉంది. కంపెనీ ఇచ్చినదే. ఆ రాత్రి అది వాళ్లకు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉంది. కారు కొన్న నాడు ఎవరూ చెప్పలేదు, వాళ్లూ పుస్తకం తెరవలేదు.

ఈ గరాటే మీ స్నేహితుడి అనుమానానికి మందు. దాని ముక్కు కొక్కేలను విడదీయడానికి సరిపడా లావుగా, రెండు రేకులనూ దాటేంత పొడుగ్గా ఉంటుంది. వంటింటి గరాటు ఆ పని చేయలేదు. పెట్రోలు కారు గరాటు డీజిల్ కారుకు పనికిరాకపోవచ్చు కూడా, లావు వేరు కనుక. వాడేటప్పుడు ఆగిపోయేదాకా లోపలికి నెట్టండి. సగం దూరిస్తే బయటి రేకు తెరుచుకుని లోపలిది మూసే ఉంటుంది, పోసిందంతా మీ బూట్ల మీదకే వస్తుంది. మెల్లగా పోయండి. పోశాక కొన్ని సెకన్లు ఆగి బయటకు తీసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ సంచిలో పెట్టండి. దుమ్ము పట్టిన గరాటును దూర్చితే ఆ దుమ్మంతా ట్యాంకులోకి మనమే మోసుకెళ్లినట్టు. గరాటు లేకపోతే స్క్రూడ్రైవరు, కర్రపుల్ల, పైపు ముక్క ఏదీ పెట్టవద్దు. ఇంకొకరి సాయం కోసం ఆగడమే మేలు. క్యాను మాటెత్తాం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. బంకులో క్యాను నింపించేటప్పుడు డిక్కీలో ఉంచి కాకుండా నేల మీద పెట్టి నింపించండి. స్థిరవిద్యుత్తు నిప్పురవ్వ పుట్టకుండా నేల కాపాడుతుంది. ఇంధనం కోసం తయారుచేసిన క్యానే వాడండి, నీళ్ల సీసా కాదు.

మీ నాన్నగారి రెండో భయం దుమ్ము. పాత మూత గొట్టం నోటిని బయటి నుంచే పూర్తిగా కప్పుతుంది. ఇక్కడ రేకు బయటి ముఖం మీద దుమ్ము వాలుతుంది, తలుపు మూసినా సందుల్లోంచి కొంత వస్తూనే ఉంటుంది. నాజిల్ దూర్చిన ప్రతిసారీ ఆ దుమ్ములో కొంత లోపలికి వెళ్లే వీలుంది. ఫిల్టరు ఉంది కనుక ఇంజిన్ గురించి నేను పెద్దగా బెంగపడను. నా బెంగ అంతా ఆ సీలు గురించే. భూతద్దం పెట్టి చూస్తే ఒక ఇసుక రేణువు రబ్బరు అంచులో ఎలా దిగబడి ఉంటుందో తెలుస్తుంది. రేకు మూసుకున్న ప్రతిసారీ దాన్ని ఇంకాస్త లోతుకు నొక్కుతుంది. డీజిల్ కార్లలో ఈ దుమ్ము గోల ఇంకా ఎక్కువ. పెట్రోలు చుక్క పడితే ఆరిపోతుంది, డీజిల్ చుక్క ఆరదు. జిడ్డుగా అక్కడే ఉండి దుమ్మును పట్టుకుని నల్లటి ముద్దలా తయారవుతుంది. డీజిల్ ఆవిరి తక్కువ కాబట్టి ఆ కార్లలో పైన చెప్పిన ఆవిరి పరీక్ష ఉండదు, లైటు వెలిగి హెచ్చరించదు. మనమే చూసుకోవాలి.

దీనికి నివారణ సగం బంకు దగ్గరే ఉంది. నాజిల్ టక్కుమని ఆగిపోయాక వెంటనే లాగేయకండి. 5 నుంచి 10 సెకన్లు అలాగే ఉంచండి, ముక్కులో మిగిలిన చుక్కలు లోపలికే జారిపోతాయి. తరువాత మెల్లగా తీస్తే రేకు మీద తడి పడదు. పోసేవారు తొందరపడితే "ఒక్క నిమిషం ఆగండి" అని నిర్మొహమాటంగా చెప్పండి. మిగతా సగం ఇంటి దగ్గర. పోగులు రాలని గుడ్డను కొద్దిగా తడిపి, నెలకోసారి రేకునూ దాని చుట్టూ ఉన్న గాడినీ తుడవండి. మట్టి రోడ్ల మీద ఎక్కువ తిరిగితే ఇంకాస్త తరచుగా. గ్రీజు, కొబ్బరినూనె లాంటివి రాయవద్దు, అవి దుమ్మును ఇంకా పిలుస్తాయి. బండి కడిగేటప్పుడు ఆ తలుపు తెరిచి ప్రెషరు నీళ్లు కొట్టించవద్దు. రేకు వానకు ఆగుతుంది, ఆ ధాటికి ఆగుతుందన్న హామీ లేదు. గడ్డకట్టే చలి ఉన్న చోట్ల రేకు మీద తేమ మంచుగా మారి అది బిగుసుకుపోవచ్చు. అప్పుడు నాజిల్‌తో పొడవకుండా మంచు కరిగే దాకా ఆగాలి.

కొందరు రేకు ముందు పెట్టుకునే రబ్బరు బిరడాలు కొని తెచ్చుకుంటారు. దుమ్ము బాగా రేగే చోట తిరిగే బండికి అది మంచిదే. కాకపోతే మీ మోడల్‌కు సరిగ్గా సరిపడేదే కావాలి. పొడవు ఎక్కువైతే అది రేకును కొద్దిగా నెట్టి పట్టుకుంటుంది. మంచి కోసం పెట్టిందే ఆవిరికి దారి అవుతుంది.

బంకులో ఇంకో ఇబ్బంది కొత్తలో చాలామందికి ఎదురవుతుంది. నాజిల్ పెట్టి పట్టగానే మాటిమాటికీ టక్కుటక్కుమని ఆగిపోతుంది. నాజిల్ చివర చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం దాని దాకా వచ్చి అది మూసుకుపోతే, ట్యాంకు నిండిందని లెక్కగట్టి నాజిల్ తనంతట ఆగుతుంది. లోపలి రేకు సగమే తెరుచుకుంటే ధార దానికి తగిలి వెనక్కి చిమ్మి ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. కాబట్టి ట్యాంకులో లోపం ఉందని కంగారు పడకండి. నాజిల్‌ను పూర్తిగా లోపలికి నెట్టించి చూడండి. నిండాక ఇంకొంచెం, ఇంకొంచెం అని పోయించే అలవాటు ఉంటే మానుకోండి. అలా పోసిన పెట్రోలు బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడు చేస్తుంది. మూత ఉన్న కారుకైనా, లేని కారుకైనా ఇది వర్తిస్తుంది.

దొంగతనం గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు అడుగుతారు. సన్న గొట్టం వేసి పెట్రోలు లాగేయడం ఈ రేకుల వల్ల కష్టమవుతుంది, అసాధ్యం కాదు. అసలు రక్షణ పక్క తలుపు తాళమే. అది కారు తాళంతో పాటు పడుతుందో లేదో చూసుకోండి.

రేపు ఎప్పుడైనా చెక్ ఇంజిన్ లైటు వెలిగి, ఆవిరి లీకు కోడ్ వస్తే, గొట్టం మార్చాలని ఎవరైనా అనగానే ఒప్పుకోవద్దు. ముందు టార్చి వేసి రేకు పూర్తిగా మూసుకుందా, సీలు మీద ఏమైనా ఇరుక్కుందా చూడండి. పైన చెప్పినట్టు తుడవండి. గరాటును రెండు మూడు సార్లు మెల్లగా పెట్టి తీస్తే బిగుసుకున్న రేకు కొన్నిసార్లు దారికి వస్తుంది. తుడిచిన వెంటనే లైటు ఆరకపోతే నిరాశ పడకండి. కంప్యూటరు ఈ పరీక్షను ఎప్పుడు పడితే అప్పుడు చేయదు. సాధారణంగా ఇంజిన్ చల్లబడి ఉండి, ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ లేనప్పుడే చేస్తుంది. కాబట్టి సగం ట్యాంకుతో కొన్ని రోజులు మామూలుగా నడిపి చూడండి. అప్పటికీ పోకపోతే గొట్టాల్లోకి పొగ పంపే యంత్రంతో లీకు ఎక్కడుందో వెతికించాలి. తప్పు రేకుది కాకుండా ఏ పగిలిన రబ్బరు పైపుదో కావచ్చు.

మీరు చూస్తున్నది పాత కారైతే రేకు చుట్టూ గీతలున్నాయేమో తప్పక చూడండి. ప్లాస్టిక్ మీద స్క్రూడ్రైవరు మొన గీసిన తెల్లటి గాట్లు కనిపిస్తే, ఆ మొన లోపల సీలును కూడా గీసి ఉంటుందని అనుమానించాల్సిందే. కొత్త కారైతే, తాళాలు చేతికిచ్చే రోజున గరాటు ఎక్కడుందో చూపించమని అడగండి. అక్కడే ఒకసారి మీ చేత్తోనే లోపలికి పెట్టి, రేకు వాలిన శబ్దం విని, తీసి చూడండి. మీ నాన్నగారి చేత కూడా పెట్టించండి.